ఈ కచేరీ కట్టినదెవరు? విక్టోరియా కాలపు కట్టడం వెనకనున్న మనిషిని వెతికే పద్ధతి

రాయలసీమలో దొరల కాలపు కట్టడం ఏది కనిపించినా దానిని మన్రో దొర కట్టించాడనో, బ్రౌన్ దొర కట్టించాడనో, కాలువ పక్కన ఉంటే కాటన్ దొర కట్టించాడనో చెప్పుకోవడం మనకు అలవాటు. వారి మీద మన పెద్దలకున్న గౌరవం నిజమైనది. అనంతపురం ప్రాంతంలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న కుటుంబాలు ఉండేవి. అయితే సర్ థామస్ మన్రో 1827 జులై 6న పత్తికొండలో కలరా సోకి చనిపోయాడు. విక్టోరియా రాణి సింహాసనమెక్కింది 1837లో. కర్నూలు నవాబు సీమ కంపెనీ చేతికి చిక్కింది 1839లో. కాబట్టి 1837 నుంచి 1901 దాకా సాగిన ఆ రాణి కాలంలో మన ఊళ్లలో లేచిన తాలూకా కచేరీలను, సబ్ జైళ్లను, ట్రావెలర్స్ బంగళాలను, ఆసుపత్రులను, బడులను మన్రో ఖాతాలో వేయడానికి వీలు లేదు. వాటిని గీసినవారు, అంచనా వేసినవారు, కట్టినవారు వేరే ఉన్నారు. వారి పేర్లను, వీలైతే వారి జీవితాలను, ఎలా వెలికితీయవచ్చో కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో ఈ పని చేయదలచినవారి కోసం ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట మీరు వెతికేది ఎలాంటి మనిషినో తేల్చుకోవాలి. ఆ కాలపు ఇంగ్లండులో చిన్న పట్టణపు ఆర్కిటెక్ట్ జీవితానికి ఒక స్పష్టమైన ఆకారం ఉండేది. చెస్టర్ పట్టణపు జాన్ డగ్లస్‌ను తీసుకోండి. 1830లో చెషైర్‌లోని శాండివే అనే పల్లెలో కట్టుబడి పనివాడైన తండ్రికి పుట్టి, లంకాస్టర్‌లో ఈ.జీ. పేలీ దగ్గర శిష్యరికం చేసి, చెస్టర్‌లో సొంత ఆఫీసు తెరిచి, వెస్ట్‌మినిస్టర్ డ్యూకు కుటుంబం అండతో ఇళ్లు, చర్చిలు, పొలాల నడుమ రైతు కొట్టాలు సహా దాదాపు ఐదు వందల కట్టడాలకు నమూనాలు గీసి, 1911లో ఆ ఊరి అంచునే కన్ను మూశాడు. విక్టోరియా వజ్రోత్సవం జ్ఞాపకంగా 1899లో చెస్టర్ నగరపు ప్రాకారం తూర్పు ద్వారం మీద పెట్టిన ఇనుప గడియారపు మంటపం ఆయన గీసినదే. హల్ పట్టణంలో పుట్టిన కత్‌బర్ట్ బ్రాడ్రిక్ మరో రకం. దాదాపు ముప్పై ఏళ్ల వయసులో లీడ్స్ టౌన్ హాలు పోటీలో గెలిచి, 1858లో రాణి చేతుల మీదుగా ఆ హాలు తెరుచుకునేసరికి దేశమంతా పేరు తెచ్చుకుని, ఆ తరువాత పదేళ్లకు కొంచెం అటూ ఇటూగా వృత్తిని వదిలి ఫ్రాన్సు వెళ్లిపోయాడు. లీడ్స్‌లో ఆ హాలు తెరిచిన 1858లోనే ఇక్కడ కంపెనీ పాలన ముగిసింది, కర్నూలు జిల్లాగా ఏర్పడింది.

వీరి జీవితాలను చూస్తే ఏయే ప్రశ్నలు అడగాలో తెలుస్తుంది. పుట్టుక ఎక్కడ, తండ్రి వృత్తి ఏమిటి, ఎవరి దగ్గర పని నేర్చుకున్నాడు, మొదటి పని ఎవరిచ్చారు, ఏ ధనికుడో సంస్థో వెన్నుదన్నుగా నిలిచింది, వాటాదారులెవరు, ఆఫీసును ఎవరికి అప్పగించాడు. ఇంగ్లండులో ఈ ప్రశ్నలకు కాగితం దొరుకుతుంది. పదేళ్లకొకసారి జరిగిన జనాభా లెక్కల్లో 1841 నుంచి ఇంటింటి మనుషుల పేర్లున్నాయి, 1858 నుంచి వీలునామాలు ఒకే జాతీయ జాబితాలో ఉన్నాయి, 1834లో పుట్టిన బ్రిటిష్ ఆర్కిటెక్టుల సంస్థ సభ్యుల దరఖాస్తులున్నాయి, 1842లో మొదలైన ద బిల్డర్ అనే వారపత్రికలో ఏ ఊరిలో ఏ కట్టడానికి టెండరు పిలిచారో కూడా అచ్చయింది.

మన జిల్లాల్లో ఆ ఆకారం అలాగే దొరుకుతుందని ఆశించి మొదలుపెడితే నిరాశ తప్పదు. మద్రాసులో ప్రభుత్వానికి సలహా ఆర్కిటెక్టులు ఉండేవారు. ప్రెసిడెన్సీ కాలేజీ, సెనేట్ హౌస్ గీసిన రాబర్ట్ ఫెలోస్ చిషోమ్, 1892లో తెరిచిన హైకోర్టు కట్టడాన్ని పూర్తి రూపానికి తెచ్చిన హెన్రీ ఇర్విన్ అలాంటివారు. వారి కలం జిల్లా పట్టణాల దాకా రావడం అరుదు. ఇక్కడి సర్కారు కట్టడాన్ని మరామత్తు శాఖ, అంటే పబ్లిక్ వర్క్స్ డిపార్టుమెంటు, కట్టేది. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు సంతకం చేసేవాడు, అతని కింద ఓవర్సీరు కొలతలు తీసి అంచనా రాసేవాడు, బేల్దారి మేస్త్రీ గోడ లేపేవాడు. పైగా పోలీసు ఠాణా, బడి, బంగళా వంటివాటికి శాఖ దగ్గర తయారుగా ఒక నమూనా పటం ఉండేది. దానిని ఏ ఊరికి ఆ ఊరి రాతికి, గాలికి, డబ్బుకు తగినట్లు మార్చుకునేవారు. కాబట్టి ఆర్కిటెక్ట్ ఎవరు అనే ఒక్క ప్రశ్నను మూడుగా చీల్చి, నమూనా ఎవరిది, ఈ ఊరికి దానిని మార్చినదెవరు, చేత్తో కట్టినదెవరు అని విడివిడిగా అడగాలి. మూడింటికీ ఒకే పేరు జవాబుగా వచ్చిందంటే మీరు ఎక్కడో తొందరపడ్డారని అనుమానించండి.

కట్టడాన్ని ముందు చదవాలి

కాగితం కోసం పరుగెత్తక ముందే రెండు మూడు రోజులు కట్టడం దగ్గర గడపండి. సర్కారు ఆవరణ అయితే అక్కడి అధికారి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. జైలు, పోలీసు, కోర్టు ఆవరణల్లో ఫొటోలకు నోటి మాట చాలదు. ఒక టేపు, టార్చి, మెత్తటి కుంచె, గళ్ల నోటు పుస్తకం, ఫొటోలో పక్కన పెట్టడానికి ఒక స్కేలు ఉంటే సరిపోతుంది. గదుల కొలతలు అడుగుల్లోనే రాసుకోండి, ఎందుకంటే కట్టినవారు అడుగుల్లోనే ఆలోచించారు. ఇరవై నాలుగు అడుగులకు పదహారు అడుగుల గదిని మీటర్లలోకి మార్చితే ఆ లెక్క కనుమరుగవుతుంది.

తరువాత వస్తువులను చూడండి. కడప జిల్లాలో నేల మీద పరిచిన నల్లబండలు, కర్నూలు వైపు బేతంచెర్ల నాపరాళ్లు, తాడిపత్రి బండలు ఇక్కడివే కనుక వాటితో కాలం తేలదు. అయితే ఏ గనిరాయో మేస్త్రీలు చూడగానే చెబుతారు, దానిని బట్టి ఏ దారిన బండ్లు వచ్చాయో ఊహించవచ్చు. గోడల పూత గానుగ సున్నమా, తరువాత వేసిన సిమెంటా అని చూడాలి. కడప దగ్గరి ఒక పాత బంగళాలో నాతో వచ్చిన బేల్దారి మేస్త్రీ గోడ మీద రెండు చోట్ల వేలి కణుపుతో కొట్టి విని, "కింద ఉండేది గానుగ సున్నం సార్, గోరు పెట్టి గీకండి, దిగదు. పైన సిమెంటు మొన్నమొన్న పూసిండేది" అన్నాడు. నేను గీకి చూశాను, గోరు దిగలేదు. ఆయన చూపించిన చోటే సిమెంటు పెచ్చు ఊడి, దాని వెనక నున్నటి తెల్లని గచ్చు, అందులో గవ్వ రంగు మెరుపు కనిపించాయి. విక్టోరియా కాలంలో మన జిల్లాల్లో మామూలు పూత సున్నమే. సిమెంటు కనిపించిన ప్రతి చోటునూ తరువాతి మరమ్మతుగా మీ పటంలో గుర్తు పెట్టుకోండి.

పైకప్పు ఎక్కువ మాట్లాడుతుంది. మట్టిమిద్దె అయితే దూలాల మీద దంతెలు, వాటి మీద బండలో కట్టెపుల్లలో పరిచి, చౌడు మన్ను కప్పి ఉంటారు. ఇది ఊరి పద్ధతి. మద్రాసు మిద్దె అయితే టేకు దూలాల మీద అంగుళం మందపు చిన్న ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసలో సున్నంతో పేర్చి, పైన ఇటుక జల్లి పోసి, బెల్లం, కరక్కాయ నీళ్లు చల్లుతూ రోజుల తరబడి దిమ్మిస కొట్టి ఉంటారు; ఇది మరామత్తు శాఖ అంచనాల్లో కనిపించే పద్ధతి. ఒకే కట్టడంలో ముందు హాలు మద్రాసు మిద్దె, వెనక వంటగది మట్టిమిద్దె అయితే రెండింటికీ డబ్బు వేర్వేరు చోట్ల నుంచి, వేర్వేరు ఏళ్లలో వచ్చి ఉండవచ్చు.

పెంకుల విషయంలో నేను చేసిన తప్పును మీరు చేయకూడదని ప్రత్యేకంగా చెబుతున్నాను. మంగళూరు పెంకుల మీద వాటిని తయారుచేసిన బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషన్ పేరుతోపాటు 1865 అనే అంకె ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. ఆ పెంకును ఒక బడి వసారాలో చూసి, ఆ బడి 1865 నాటిదని ఒక ప్రత్యేక సంచికలో వ్యాసం రాసి అచ్చు వేయించాను. 1865 అనేది ఆ పెంకుల కర్మాగారం మొదలైన సంవత్సరం. ఆ తరువాత ఎన్నో ఏళ్లు అదే అచ్చుతో పెంకులు వచ్చాయి. కొంతకాలానికి వసారా కప్పు విప్పినప్పుడు అడ్డదూలాలుగా వేసిన పాత రైలు పట్టాలు బయటపడ్డాయి. పట్టా నడుము మీద తయారీదారు పేరు, సంవత్సరం ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటాయి. అందులో చదవగలిగిన సంవత్సరం నేను అచ్చు వేయించిన దానికంటే దాదాపు ఇరవై ఏళ్ల తరువాతిది. ఆ వ్యాసం చదివినవారు ఇప్పటికీ 1865 అనే చెబుతుంటారు, నాకు బాధ కలుగుతుంది. పెంకు, పట్టా, ఇనుప స్తంభం, తలుపు బందు, ఏ వస్తువు మీది సంవత్సరమైనా "ఇంతకు ముందు ఈ భాగం లేదు" అని మాత్రమే చెప్పగలదు. కట్టడం అంతా ఆ ఏటిదే అని చెప్పలేదు.

శిలాఫలకం మీద పేరు కనిపిస్తే దానిని ఉన్నది ఉన్నట్లు, అక్షరదోషాలతో సహా ఎక్కించుకోండి. సున్నం పూతల కింద అక్షరాలు పూడిపోయి ఉంటే గీకవద్దు. సాయంత్రపు ఏటవాలు వెలుతురులోనో, పక్క నుంచి టార్చి వేసో ఫొటో తీస్తే చాలావరకు చదవవచ్చు. ఫలకం మీది దొర సాధారణంగా పునాదిరాయి వేసిన కలెక్టరో, తెరిచిన గవర్నరో అయి ఉంటాడు, గీసినవాడు కాడు. ఊరి దాతలు వేయించిన ఫలకాల్లో క్రీస్తు సంవత్సరానికి బదులు తెలుగు సంవత్సరం పేరు ఉంటుంది. ధాత కరువు అని మన పెద్దలు చెప్పే ధాతు సంవత్సరం 1876-77. దానిని గుర్తుంచుకుంటే అటూ ఇటూ లెక్కపెట్టుకోవచ్చు. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ, అంటే జులైలో మొదలయ్యే రెవెన్యూ లెక్కల సంవత్సరం, ఉంటే దానికి 590 కలపండి. ఫసలీ 1286 అంటే 1876 జులై నుంచి 1877 జూన్ దాకా.

ఏ జిల్లా కాగితాల్లో వెతకాలి

ఎక్కువమంది ఇక్కడే దారి తప్పుతారు, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి జిల్లాను విడదీయగా ఏర్పడింది. గుత్తి, అనంతపురం, పెనుకొండ, ధర్మవరం కట్టడాల గురించి అంతకు ముందరి ఉత్తరప్రత్యుత్తరాలన్నీ బళ్లారి పేరు కింద ఉంటాయి. కదిరి 1910 దాకా కడప జిల్లాలో ఉండేది. మదనపల్లె, వాయల్పాడు 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు కడపవే. కోయిలకుంట్ల, కంభం, మార్కాపురం 1858కి ముందు కడపలో, పత్తికొండ బళ్లారిలో ఉండి, ఆ ఏడాది కర్నూలు జిల్లాలో కలిశాయి. ఆదోని, ఆలూరు, రాయదుర్గం 1953 దాకా బళ్లారివే. బనగానపల్లె వేరే సంస్థానం కనుక దాని కట్టడాలు నవాబు దఫ్తరులో తప్ప మరామత్తు శాఖ జాబితాల్లో రావు. మీ ఊరి పేరు రాసి దాని కింద 1837 నుంచి 1901 దాకా ఏ ఏడు ఏ జిల్లాలో ఉందో ఒక పట్టిక గీసుకోకుండా ఆర్కైవ్స్ మెట్లు ఎక్కవద్దు.

పేర్ల రాత కూడా అంతే చిక్కు. కడపను ఇంగ్లీషులో సీ అక్షరంతో మొదలుపెట్టి, రెండు డీలు వేసి, చివర హెచ్ తగిలించి రాసేవారు. ఆ రాత అధికారికంగా మారింది 2005లోనే. స్కాను చేసిన పాత పుస్తకాల్లో నేటి రాతతో వెతికితే ఒక్క పేజీ కూడా రాదు. ఊరి పేరుకు తోచిన రాతలన్నీ ఒక కాగితం మీద పెట్టుకుని ఒక్కొక్కటిగా వెతకండి.

అచ్చయిన వాటిలో జిల్లా మాన్యువళ్లతో, అంటే ఒక్కో జిల్లా వివరాలన్నీ కూర్చిన పుస్తకాలతో, మొదలుపెట్టాలి. బళ్లారికి జాన్ కెల్సాల్ 1872లో, కడపకు జే.డీ.బీ. గ్రిబుల్ 1875లో, కర్నూలుకు నరహరి గోపాలకృష్ణమ చెట్టి 1886లో రాశారు. కర్నూలు మాన్యువల్ ఒక తెలుగువాడి చేతి నుంచి రావడం నాకు ఎంతో ఇష్టమైన విషయం. ఊళ్ల లోపలి సంగతులు ఆయనకు తెలిసినంత మిగతా ఇద్దరికీ తెలిసినట్లు నాకనిపించదు. తరువాతి తరం గెజెటీర్లు, అనంతపురానికి డబ్ల్యూ. ఫ్రాన్సిస్ 1905లో, కడపకు సీ.ఎఫ్. బ్రాకెన్‌బరీ 1915లో రాసినవి. వీటిలో ఇంజనీరు పేరు దొరకడం తక్కువే. కట్టడం ఎప్పటికి నిలబడి ఉందో, ఎప్పటికి ఇంకా లేదో మాత్రం తెలుస్తుంది. 1875 పుస్తకంలో లేనిది 1915 పుస్తకంలో ఉంటే మీ వెతుకులాట నలభై ఏళ్లకు తగ్గినట్లే.

ఆ పరిధి తేలాక మద్రాసు ఆల్మనాకులు తెరవండి. అసైలం ప్రెస్ ఏటా అచ్చు వేసిన ఆల్మనాకులో ఏ జిల్లాలో ఏ అధికారి ఉన్నాడో శాఖల వారీగా ఉంటుంది. పదేళ్ల పుస్తకాలు వరుసగా చూసి, మీ జిల్లా ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ల, అసిస్టెంట్ ఇంజనీర్ల పేర్లను ఏడాది పక్కన ఏడాదిగా రాసుకుంటే, కట్టడం సాగిన కాలంలో అక్కడున్నవారు ఇద్దరో ముగ్గురో తేలుతారు. బదిలీ, సెలవు తేదీలు ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజెట్‌లో దొరుకుతాయి. ఇంజనీర్లు చాలా తొందరగా బదిలీ అయ్యేవారు. అంచనా రాసినవాడు ఒకడు, పునాది తీసినవాడు ఇంకొకడు, బిల్లు మూసినవాడు మూడోవాడు కావడం మామూలు. ఎవరో ఒకరిని ఎన్నుకోవద్దు, ముగ్గురినీ వారి వారి తేదీలతో రాయండి.

ఇక అసలు గని చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్. మద్రాసు ప్రభుత్వపు మరామత్తు శాఖ ప్రొసీడింగులు అక్కడ సంపుటాలుగా ఉన్నాయి. పరిశోధకుడిగా అనుమతికి పరిచయ పత్రం, గుర్తింపు కార్డు సిద్ధం చేసుకోండి, కనీసం వారం రోజులు ఉండేలా వెళ్లండి. మొదట ఆ ఏటి సూచికలో జిల్లా పేరు, ఊరి పేరు, కట్టడం రకం చూసి, ప్రభుత్వ ఉత్తర్వు నంబరు, తేదీ రాసుకుని, ఆ తరువాతే సంపుటం అడగాలి. అదృష్టముంటే ఉత్తర్వుతోపాటు అంచనా మొత్తం రూపాయి, అణా, పైసలతో సహా, ఇంజనీరు వివరణ, పైఅధికారి అభ్యంతరం ఉంటాయి. ఆ అభ్యంతరాన్ని శ్రద్ధగా చదవండి. కిటికీలు ఎక్కువయ్యాయనో, వసారా వెడల్పు తగ్గించాలనో, టేకు బదులు ఊరి కట్టె వాడాలనో పైవాడు రాసిన ఆ నాలుగు ముక్కల్లోనే మన ఎండల గురించి కిందివాడు ఎంత ఆలోచించాడో, డబ్బు గురించి పైవాడు ఎంత ఆలోచించాడో కనిపిస్తాయి. ఇంగ్లండులో డగ్లస్‌కు డ్యూకు ఉన్నట్లు ఇక్కడి ఇంజనీరుకు ఉన్నది ఈ బడ్జెట్ పద్దు ఒక్కటే.

కట్టడం మరామత్తు శాఖది కాకపోతే దారి మార్చాలి. 1871, 1884 స్థానిక పాలన చట్టాల తరువాత బడులు, ఆసుపత్రులు, సత్రాలు చాలావరకు లోకల్ ఫండ్ డబ్బుతో లేచాయి; వాటి సంగతులు లోకల్ శాఖ, మునిసిపల్ శాఖ కాగితాల్లో వెతకండి. రైల్వే స్టేషన్లు, సిబ్బంది ఇళ్లు అయితే మద్రాస్ రైల్వే కంపెనీవి. కడప, గుత్తి మీదుగా వెళ్లిన ఆ దారి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు లైనుతో కలిసింది. ఆ కంపెనీ లండన్ బోర్డు కాగితాలు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల్లో చూడాలి. కర్నూలు-కడప కాలువ మీది తూములు, హంద్రీ మీద కాలువను దాటించిన అక్విడక్ట్, లాకులు, సుంకేసుల ఆనకట్ట పక్కని పాత బంగళాలు మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఇంజనీర్ల పని. ప్రభుత్వం పది లక్షల పౌన్ల మీద ఐదు శాతం వడ్డీకి హామీ ఇవ్వగా పని మొదలుపెట్టిన ఆ కంపెనీ నుంచి 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కుంది. అందుచేత 1882కి ముందు కాలువ పనుల్లో ఇంజనీరు పేరు కోసం సర్కారు ఉద్యోగుల జాబితాలో వెతికితే దొరకడు. మిషన్ బడులు, చర్చిలు మరో లోకం. కడపలో, గుత్తిలో పనిచేసిన లండన్ మిషనరీ సొసైటీ వారి ఉత్తరాలు లండన్‌లో భద్రంగా ఉన్నాయి, వాటిలో చాలాసార్లు పాదిరే తానే పటం గీసి, తానే కూలీ లెక్క రాసి ఉంటాడు.

పేరు దొరికాక మనిషిని వెతకడం

పేరు చేతికి వచ్చాక అతను ఎక్కడ చదివాడో చూడండి. 1861కి ముందు వచ్చిన సైనిక ఇంజనీరు అయితే ఇంగ్లండులో అడిస్కూంబ్‌లోని ఈస్టిండియా కంపెనీ సైనిక సెమినరీ. 1872 నుంచి 1906 దాకా అయితే లండన్ దగ్గరి కూపర్స్ హిల్ ఇంజనీరింగ్ కాలేజీ. ఈ దేశంలో చదివినవాడు అయితే రూర్కీలోని థామసన్ కాలేజీ, లేదా 1859లో సివిల్ ఇంజనీరింగ్ కాలేజీగా ఎదిగి తరువాత గిండీకి మారిన మద్రాసు కాలేజీ. ఓవర్సీర్ల పేర్లలో ఆంగ్లో ఇండియన్లు, తమిళులు, తెలుగువారు వస్తారు. వీరిలో చాలామంది మద్రాసు కాలేజీ వారే. ఇంజనీరు పేరున్నవాడైతే 1818లో స్థాపించిన లండన్ సివిల్ ఇంజనీర్ల సంస్థ తన కార్యకలాపాల సంపుటాల్లో సంతాప వ్యాసం వేసి ఉంటుంది. అందులో అతను పనిచేసిన ఊళ్ల పేర్లు వరుసగా దొరుకుతాయి, మన ఊరి పేరు ఎంత వంకరగా ఉన్నా ఓపికగా పోల్చుకోండి.

సమాధులను మరువవద్దు. జూలియన్ జేమ్స్ కాటన్ మద్రాసు రాజధానిలో చారిత్రక ప్రాముఖ్యమున్న సమాధి శాసనాలను సేకరించి 1905లో జాబితాగా అచ్చు వేశాడు, జిల్లా వారీగా చూడవచ్చు. అందులో ఇంజనీరు పేరే కాక అతని భార్య పేరో, ఏడాది నిండని బిడ్డ పేరో కనిపించవచ్చు. ఒక బిడ్డ సమాధి మీది తేదీ ఆ కుటుంబం ఆ ఎండాకాలం ఏ ఊరిలో ఉందో నిశ్చయంగా చెబుతుంది. అలాంటి రాయి ముందు నిలబడినప్పుడు కాసేపు కాగితం పక్కన పెట్టడం మర్యాద. బాప్తిస్మం, పెళ్లి, ఖననం రిజిస్టర్ల నకళ్లు లండన్ వెళ్లాయి. బ్రిటిష్ ఇండియా కుటుంబాల చరిత్ర సంఘాలు వాటిని ఇంటర్నెట్‌లో వెతుక్కునేలా సూచికలు తయారు చేశాయి.

మేస్త్రీ పేరు దీనికంటే కష్టం, నాకు దీనికంటే ముఖ్యం. మద్రాసు హైకోర్టు కట్టిన కాంట్రాక్టరు టి. నంబెరుమాళ్ చెట్టి పేరు నిలిచింది, ఎందుకంటే ఆ పని పెద్దది, ఆయన ధనికుడు. తాలూకా కచేరీ కట్టిన కాంట్రాక్టరు పేరు ఉత్తర్వులో ఒక్క ముక్కగా వస్తే అదే భాగ్యం. అందుకని ఊళ్లో అడగాలి. రాయి పనిచేసే వడ్డె కుటుంబాలు, మన్ను పనిచేసే ఉప్పర కుటుంబాలు, కంసాలి వీధి, బేల్దారుల వాడ, ఈ నాలుగు చోట్లకూ వెళ్లండి. "ఈ బంగళా ఎవరు కట్టినారు?" అని నేరుగా అడిగితే మన్రో దొర అనే వస్తుంది. "అవ్వా, మీ మామగారి నాయన ఏ ఊళ్లలో పనికి పోయేవాడంట?" అని అడగండి, పేర్లు, ఊళ్లు, కరువులో కూలికి గింజలు ఇచ్చిన సంగతి, ఒకటి వెంట ఒకటి వస్తాయి. చెప్పినది చెప్పినట్లు, వారి మాటల్లోనే రాసుకుని, చెప్పినవారి పేరు రాయడానికి వారి అనుమతి అడగండి. ఇది కాగితంతో సరిపోలకపోయినా పారేయవద్దు, "వారి ఇంటి మాట" అని విడిగా పెట్టండి. కట్టడంలో కూడా మేస్త్రీ గుర్తులు ఉంటాయి: బండ అంచున ఉలితో కొట్టిన చిన్న గీత, త్రిశూలం, రెండు అడ్డగీతలు. ఒకే గుర్తు పక్క ఊరి కట్టడంలోనూ కనిపిస్తే అదే రాతిపనివాళ్ల గుంపు రెండు చోట్లా పనిచేసి ఉండవచ్చని రాయవచ్చు. అది చిన్న మాట కాదు.

రాసేటప్పుడు

సేకరించినది తెలుగులో రాసేటప్పుడు నిశ్చయమైన వాక్యాన్ని, ఊహ వాక్యాన్ని ఒకే స్వరంతో రాయకూడదు. "అంచనా మీద ఇతని సంతకం ఉంది" అన్నది ఒక మాట, "ఇతనే గీసి ఉండవచ్చు" అన్నది వేరే మాట, "ఇతనే ఆర్కిటెక్ట్" అన్నది మూడో మాట. మొదటిది చేతిలో ఉన్నప్పుడు మూడోది రాయవద్దు. పాత రూపాయలను నేటి రూపాయల్లోకి మార్చవద్దు. దానికి బదులు అదే అంచనాలో ఉన్న బేల్దారి దినకూలిని పక్కన చూపిస్తే చదివేవారికి విలువ తెలుస్తుంది. దొరల పేర్లను ఒకే రకంగా, చెవికి వినిపించేటట్లు రాయండి. ఒక పేజీలో చిషోమ్, ఇంకో పేజీలో చిషోల్మ్ అని ఉంటే వెతికేవారికి ఇద్దరు మనుషులు అవుతారు. సర్కారు దొరను ఆయన అని, మేస్త్రీని వాడు అని రాసే అలవాటు మన పాత వ్యాసాల్లో ఉంది. ఇద్దరికీ ఒకే గౌరవ వాచకం వాడండి.

జీవితాన్ని పుట్టుక నుంచి మొదలుపెట్టాలనే నియమం లేదు. మన దగ్గరున్నది ఎక్కువగా నడిమి జీవితమే: మూడేళ్లు కడపలో, రెండేళ్లు బళ్లారిలో, ఒక సెలవు, ఒక బదిలీ. ఆ మూడేళ్లను దగ్గరగా చూపించండి. ఏ ఎండాకాలంలో పని మొదలైంది, ఏ వానకు పునాది నిండింది, ధాత కరువు నాటికి ఆ పని కరువు పనిగా మారిందా, ఏ బిల్లు దగ్గర గొడవ వచ్చింది, ఇవి దొరికితే ఖాళీగా ఉన్న బాల్యం గురించి రెండు పేజీలు అల్లాల్సిన అవసరం ఉండదు.

పూర్తయిన వ్యాసానికి మీరు గీసిన కొలతల పటం, ఫలకాల ఫొటోలు, ప్రభుత్వ ఉత్తర్వు నంబర్లు జతచేసి, ప్రతి ఫొటో వెనక పెన్సిలుతో తేదీ, కట్టడంలో ఏ వైపు తీసినదో రాయండి. ఒక ప్రతి ఆ కట్టడంలో ఇప్పుడు నడుస్తున్న ఆఫీసుకు, ఒకటి జిల్లా గ్రంథాలయానికి, కడప వారైతే బ్రౌన్ బంగళా ఉండిన చోట వెలసిన గ్రంథాలయానికి కూడా ఒకటి ఇవ్వండి. ఇంకొక ప్రతిని మేస్త్రీ కుటుంబం ఇంటికి మీరే తీసుకువెళ్లి, వారి తాత పేరు ఉన్న పేరా వారికి చదివి వినిపించి, తప్పు పలికారేమో అడిగి, వారు చెప్పినట్లు దిద్దిన తరువాతే మిగతా ప్రతులు పంపండి.